కడుపు కన్నా ముందు కుండ

పొద్దున్నే తెలుగింటికి వచ్చిన లీటరు పాలు రాత్రికల్లా ఎటు పోతాయో గమనిస్తే, పాలుగా తాగే వాటా తక్కువేనని తేలుతుంది. పిల్లలకు ఒక గ్లాసు, పెద్దలకు కాఫీలోకో టీలోకో కాసిని. మిగతావన్నీ తోడుకు వెళ్తాయి. మర్నాటికి అవి పెరుగు, మజ్జిగ. మీగడ పోగుపడితే వెన్న, నెయ్యి. అయినా పాల విలువ చెప్పాల్సి వచ్చినప్పుడు అందరికీ గుర్తొచ్చేది పాలగ్లాసే. బలం పట్టాలన్నా, ఎముకలు గట్టిపడాలన్నా పాలగ్లాసునే చూపిస్తారు. పెరుగునూ మజ్జిగనూ మిగిలిన పాలు పాడవకుండా కనిపెట్టిన ఉపాయాలుగా, భోజనం చివర కడుపు చల్లబరిచే పదార్థాలుగా లెక్కవేస్తారు. గత ఇరవై ఏళ్లలో పురావస్తు శాస్త్రం, జన్యుశాస్త్రం కలిసి పోగుచేసిన సాక్ష్యాలను చూస్తే ఈ వరస తిరగబడుతుంది. పెద్దవాళ్ల పేగులకు పాలను పూర్తిగా అరిగించుకునే శక్తి రావడానికి వేల ఏళ్ల ముందే కుండలోని సూక్ష్మజీవులు ఆ పని అందుకున్నాయి. తెలుగువాళ్లలో చాలామందికి ఇవాళ్టికీ ఆ పనిలో పెద్ద వాటా కుండదే. పాలు మనకు ఆహారమైన అసలు రూపం పెరుగేననీ, తాగే పాలు దాని తర్వాత వచ్చి చేరినవనీ నా వాదన.

ముందు పాలలో చిక్కు ఎక్కడుందో చూడాలి. ఆవుపాలలో నూటికి 87 పాళ్లు నీరు. కొవ్వు 4 శాతం దాకా, ప్రోటీన్లు 3.3 శాతం, ఖనిజాలు 0.7 శాతం ఉంటాయి. గేదెపాలలో కొవ్వు 7 శాతం దాకా, ప్రోటీన్లు 4 శాతం పైచిలుకు ఉంటాయి. రెంటిలోనూ దాదాపు సమానంగా, 5 శాతానికి కాస్త అటూఇటూగా ఉండేది లాక్టోజ్ అనే పాలచక్కెర. ఇది గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరల జంట. ఆ జంట విడిపోతే తప్ప రక్తంలోకి చేరదు. విడదీసే పని చిన్నపేగు గోడల్లో ఊరే లాక్టేజ్ అనే ఎంజైముది. తల్లిపాలలో లాక్టోజ్ 7 శాతం దాకా ఉంటుంది కాబట్టి పసిబిడ్డల పేగుల్లో ఈ ఎంజైము పుష్కలంగా తయారవుతుంది. పాలు మానే వయసు దాటాక దాన్ని తయారుచేయించే జన్యువు నెమ్మదిస్తుంది. పిల్లికైనా, కుక్కకైనా, లేగదూడకైనా జరిగేది ఇదే. మనుషుల్లోనూ పెద్దవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి ఇలాగే జరుగుతుంది కనుక దీన్ని జబ్బు అనడం తప్పు. విడిపోని లాక్టోజ్ పెద్దపేగు దాకా జారి, తనతోపాటు నీటిని లాగుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ వంటి వాయువులు పుట్టిస్తాయి. కడుపుబ్బరం, గుడగుడ, ఒక్కోసారి విరేచనం. నాకు పాలు పడవని పెద్దలు చెప్పే మాటకు చాలాసార్లు అర్థం ఇదే.

మరి పెద్దవాళ్లకు సరిగా అరగని పదార్థం కోసం మనిషి పశువులను ఎందుకు పితికాడు? దీనికి జవాబు పాతకాలపు కుండపెంకుల్లో దొరికింది. మట్టి పాత్రలో పాలు పోస్తే కొవ్వు ఆమ్లాలు దాని సన్నని రంధ్రాల్లోకి ఇంకి వేల ఏళ్లు నిలిచి ఉంటాయి. వాటిలోని కార్బన్ ఐసోటోపుల నిష్పత్తిని బట్టి అది పాలకొవ్వో, మాంసపు కొవ్వో చెప్పవచ్చు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ఎవర్‌షెడ్ బృందం ఈ పద్ధతితోనే టర్కీ వాయవ్య ప్రాంతంలో క్రీస్తుపూర్వం ఏడో సహస్రాబ్ది నాటి పాత్రల్లో పాలకొవ్వు ఉందని 2008లో నిరూపించింది. అంతకు ముందు ఏడాదే జర్మనీలో యోఆఖిమ్ బర్గర్ బృందం ఐరోపా తొలి రైతుల ఎముకల నుంచి డీఎన్ఏ తీసి చూసింది. పెద్దయ్యాక కూడా లాక్టేజ్ ఊరేలా చేసే జన్యుమార్పు వాటిలో కనిపించలేదు. అంటే కుండలో పాలున్నాయి, ఒంట్లో ఎంజైము లేదు. ఈ రెంటికీ నడుమ ఉన్న లంకె 2013లో పోలండ్ నుంచి వచ్చింది. అక్కడి కుయావియా ప్రాంతంలో ఏడు వేల ఏళ్ల కిందటి చిల్లుల పాత్రల పెంకులను పరీక్షిస్తే వాటిలోనూ పాలకొవ్వే ఉంది. విరిగిన పాలను వడగట్టి గట్టి భాగాన్ని ఉంచుకున్న జల్లెళ్లవి. పాలచక్కెర నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి, వడగట్టి ఆ నీళ్లు వేరుచేసినవాడు తెలియకుండానే లాక్టోజ్‌లో చాలా భాగాన్ని వేరుచేశాడు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఎదురవుతుంది. కుండతోనే పని జరిగిపోతే ఆ జన్యుమార్పు ఐరోపాలో అంత వేగంగా ఎందుకు వ్యాపించింది? మానవ జన్యువుల్లో ప్రకృతి వరణం ఇంత బలంగా పనిచేసిన ఉదాహరణలు చాలా తక్కువ. పాలు తాగగలవాళ్లకు పెద్ద లాభమేదో ఉండి ఉండాలి కదా? న్యాయమైన ప్రశ్న. 2022లో ఎవర్‌షెడ్ బృందమే దీన్ని తేల్చడానికి పూనుకుంది. ఐరోపాలో 554 తవ్వక స్థలాల నుంచి దాదాపు ఏడు వేల కొవ్వు అవశేషాలను లెక్కలోకి తీసుకుని, వాటిని ప్రాచీన డీఎన్ఏ సమాచారంతో పోల్చింది. జన్యుమార్పు మొదట కనిపించేది క్రీస్తుపూర్వం 4700 ప్రాంతంలో. అది జనంలో చెప్పుకోదగ్గంతగా పాకింది క్రీస్తుపూర్వం 1000 తర్వాతే. అప్పటికి పాడి మొదలై కొన్ని వేల ఏళ్లు గడిచాయి. పైగా పాలవాడకం ఎక్కువైన చోట మార్పు వేగంగా పెరిగిన దాఖలా లేదు. దానికి మెరుగ్గా సరిపోయిన సూచికలు కరువు, అంటురోగాలు. మామూలు రోజుల్లో కడుపుబ్బరంతో పోయేది, పంటలు పోయి పస్తులున్న రోజుల్లోనో, రోగం పాకిన రోజుల్లోనో వచ్చే విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చి ఉంటుందని వాళ్ల ఊహ. ఊహే అయినా లెక్కలకు సరిపోతోంది. అది నిజమైతే ఆ జన్యుమార్పు రోజువారీ తిండి కోసం పుట్టినది కాదు, ఆపదలో కాపాడినది. రోజువారీ తిండి సంగతిని అప్పటికే వేల ఏళ్లుగా కుండ చూసుకుంటూనే ఉంది.

మంగోలియా దీనికి ఇంకా మంచి సాక్ష్యం. అక్కడ ఐదు వేల ఏళ్ల కిందటి అస్థిపంజరాల పళ్లపాచిలో పాల ప్రోటీన్లు దొరికాయి. ఇవాళ్టికీ అక్కడి పశుపోషకుల తిండిలో పాలదే పెద్ద వాటా. అయినా పెద్దయ్యాక లాక్టేజ్ ఊరేవాళ్లు నూటికి ఐదుగురు. గుర్రప్పాలను పులియబెట్టిన పానీయం, ఎండబెట్టిన పెరుగు గడ్డలు, జున్నుల లాంటి వాటితోనే అన్ని వేల ఏళ్లు నడిచింది. మన దేశంలో గుజరాత్ కచ్ ప్రాంతంలోని కోటడా భాడ్లీ అనే హరప్పా నాటి ఊరి పెంకుల్లో పాలకొవ్వు ఆనవాళ్లు ఉన్నాయని 2020లో ప్రచురించారు. అవి క్రీస్తుపూర్వం 2500 ప్రాంతానివి. దక్షిణాదిలో పశుపోషణ అంత పాతదే. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ, క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దిలో పేడ కుప్పలు కాలి మిగిలినది. అందులో పశువుల దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంటలూ, నేల మీద పడ్డ గిట్టల గుర్తులూ బయటపడ్డాయి. అలాంటి దిబ్బలు అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లోనూ ఉన్నాయి. అంటే ఈ నేల మీద మందలు కాచుకుని బతకడం నాలుగైదు వేల ఏళ్ల నాటి మాట.

ఇన్ని వేల ఏళ్లు పశువులతో గడిపిన దక్షిణాదిలో ఆ జన్యుమార్పు బాగా పాకి ఉండాలి అనుకుంటాం. 2012లో వచ్చిన పెద్ద అధ్యయనం అలా లేదని తేల్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్ కూడా అందులో భాగస్వాములు. దేశం నలుమూలల నుంచి రెండు వేల మందికి పైగా నమూనాలు పరిశీలించగా, భారతీయుల్లో కనిపించే మార్పు ఐరోపాలో ఉన్నదేననీ, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది తగ్గిపోతుందనీ తేలింది. పంజాబు, రాజస్థాన్ వైపు ఎక్కువ, మన వైపు తక్కువ. ఇరుగుపొరుగు సమూహాల మధ్య కూడా తేడా బాగానే ఉంది. నీలగిరుల్లో గేదెలను మేపుకునే తోడాల్లో ఈ మార్పు చాలా ఎక్కువ. పంజాబీ పెద్ద గ్లాసుతో పాలు తాగి హాయిగా ఉండటానికీ, మన పెద్దల్లో చాలామంది పాలు వద్దని పెరుగన్నం అడగటానికీ వెనక అలవాటుతోపాటు ఈ జన్యుభేదం కూడా ఉంది. తెలుగు వంటిల్లు ఈ భేదాన్ని ఏ పరీక్షా లేకుండానే గుర్తించినట్టు నడుచుకుంది. భోజనం పెరుగుతోనే ముగియాలన్న పట్టుదల ఇంకెన్ని కారణాల వల్ల వచ్చినా, మన పేగులకు సరిగ్గా సరిపోయింది.

ఆ పెరుగు తోడుకునే తీరు దగ్గరగా చూడదగ్గది. పాలలోని ప్రోటీన్లలో నూటికి 80 పాళ్లు కేసీన్. అది వేల అణువులు కలిసిన గుళికలుగా, కాల్షియం ఫాస్ఫేటును లోపల ఇముడ్చుకుని తేలుతూ ఉంటుంది. ఒక్కో గుళిక మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నది. పాలు తెల్లగా కనబడటానికి ఈ గుళికలూ కొవ్వు బిందువులూ వెలుతురును చెదరగొట్టడమే కారణం. గుళిక పైన సన్నని వెంట్రుకల్లాంటి పోగులు రుణ విద్యుదావేశంతో నిలబడి ఉంటాయి. అందువల్ల ఏ రెండు గుళికలూ అంటుకోవు. గంటల తరబడి కాచినా పాలు గడ్డకట్టకపోవడం వీటి చలవే. కాచినప్పుడు మారేవి వేరే ప్రోటీన్లు. మిగిలిన 20 పాళ్ల ప్రోటీన్లు తేటలో కరిగి ఉంటాయి. అవి 75, 80 డిగ్రీలు దాటాక చుట్టలు విప్పుకుని కేసీన్ గుళికలకు అతుక్కుంటాయి. ఇదే గట్టి పెరుగు రహస్యం. పచ్చిపాలు తోడేస్తే పెరుగు జావగా ఉండి నీళ్లు తేరుతుంది. బాగా కాగిన పాలలో ఈ అతుకు వల్ల వల బిగువుగా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతుంది. పూర్వం పల్లెల్లో పిడకల దాలిలో పాలకుండ పెట్టి పొద్దుగూకే దాకా సన్నని సెగన కాగనిచ్చేవాళ్లు. నీరు కొంత ఆవిరై పాలు చిక్కబడేవి. చక్కెరా ప్రోటీన్లూ వేడికి కలిసి లేత ఎరుపు రంగూ, కమ్మని వాసనా పట్టేవి. పైన మందంగా మీగడ కట్టేది. ఆ పాల పెరుగు కత్తితో కోసినట్టు ఉండేదంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు, తేట ప్రోటీన్లు విప్పుకోవడానికి కావలసినంత సమయం దొరికింది.

గోరువెచ్చగా దిగిన పాలలో తోడో చేమిరో కలపగానే లాక్టోకోకస్, లాక్టోబాసిల్లస్, స్ట్రెప్టోకోకస్ జాతుల బ్యాక్టీరియా లాక్టోజ్‌ను తినడం మొదలుపెట్టి లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. పాల పీహెచ్ 6.7 నుంచి దిగుతూ వస్తుంది. ఆమ్లం పెరిగేకొద్దీ గుళికల లోపలి కాల్షియం కరిగి బయటికి వస్తుంది, పైనున్న ఆవేశం తగ్గుతుంది. 4.6 దగ్గరికి వచ్చేసరికి ఆవేశం పూర్తిగా పోయి గుళికలు ఒకదాన్నొకటి పట్టుకుని వలగా నిలబడతాయి. గిన్నె కదిపితే ఆ వల తెగి నీళ్లు ఊరతాయి. తోడేశాక కదపవద్దని పెద్దలు కసురుకునేది అందుకే. చలికాలంలో బ్యాక్టీరియా నెమ్మదిస్తాయి కాబట్టి పాలు కాస్త వేడిగా ఉండగా తోడేసి గిన్నెను గుడ్డలో చుట్టిపెడతారు. మరీ వేడి పాలలో వేస్తే తోడులోని బ్యాక్టీరియా చచ్చి, మర్నాడు పాలు పాలుగానే ఉంటాయి, లేదా ఇంకేదో బ్యాక్టీరియా పెరిగి తీగసాగుతాయి.

పెరుగైనంత మాత్రాన లాక్టోజ్ అంతా పోతుందా అంటే పోదు. తోడుకున్న పెరుగులో దాదాపు మూడొంతుల చక్కెర మిగిలే ఉంటుంది. నా వాదనకు ఇది అడ్డంకిలా కనబడుతుంది గానీ, మిగతా పని కడుపులో జరుగుతుంది. 1984లో అమెరికాలో కొందరు పరిశోధకులు లాక్టేజ్ లేని పెద్దలకు ఒకసారి పాలు, ఒకసారి అంతే లాక్టోజ్ ఉన్న యోగర్ట్ ఇచ్చి, శ్వాసలో వచ్చే హైడ్రోజన్‌ను కొలిచారు. లాక్టోజ్ అరక్క పెద్దపేగుకు చేరితేనే ఆ హైడ్రోజన్ పుడుతుంది. యోగర్ట్ తిన్నప్పుడు అది మూడో వంతుకు పడిపోయింది. బ్యాక్టీరియా తమ వెంట తెచ్చుకున్న ఎంజైమే చిన్నపేగులో లాక్టోజ్‌ను విడదీసిందని వాళ్లు చూపించారు. 2010లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా ఈ మేలును ఒప్పుకుంది, బ్యాక్టీరియా బతికి ఉండాలన్న షరతు మీద. ఇంటి తోడులో బ్యాక్టీరియా జాతులు ఇంటింటికీ మారతాయి కాబట్టి మేలు అన్నిచోట్లా ఒకే కొలతలో ఉండదు. పెరుగు మహిమను ఇంతకు మించి పొగడటమూ సరికాదు. వందేళ్ల కిందట ఇల్యా మెచ్నికోఫ్ అలాగే పొగిడాడు. రోగనిరోధక శక్తి మీద కృషికి 1908లో నోబెల్ అందుకున్న మహానుభావుడాయన. బల్గేరియా పల్లెల్లో జనం ఎక్కువకాలం బతకడానికి పుల్లటి పాలే కారణమని ప్రచారం చేశాడు. ఆ బ్యాక్టీరియా మనిషి పేగుల్లో కాపురం పెట్టవని తర్వాత తేలింది. అవి పోతూపోతూ లాక్టోజ్‌ను విడదీసిపెట్టి పోతాయి. నిరూపణ అయింది అంతవరకే, మన అవసరానికి అది చాలు.

కుండ దగ్గరి నుంచి కవ్వం దగ్గరికి వస్తే లాక్టోజ్ ఇంకా తగ్గుతుంది. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోసి చిలికిన మజ్జిగ గ్లాసుడు తాగితే ఒంట్లోకి చేరే లాక్టోజ్ రెండు గ్రాములు మించదు. వేసవిలో నీళ్లు, ఉప్పు, కాస్త ప్రోటీను, కాల్షియం ఒక్కసారే అందించే పానీయం ఇంతకన్నా చవకగా ఇంకొకటి లేదు. చిలికినప్పుడు కవ్వం దెబ్బలకు కొవ్వు బిందువుల చుట్టూ ఉన్న పలచని పొర చిరుగుతుంది. సగం గట్టిపడి సగం మెత్తగా ఉన్న కొవ్వు ఒకదానికొకటి అంటుకుని వెన్నముద్దగా తేలుతుంది. కొవ్వు పూర్తిగా కరిగి ఉంటే అంటుకోదు, అందుకే ఎండాకాలం తెల్లవారుజామున చిలకడం, చల్లని నీళ్లు పోయడం. వెన్న కాగి నెయ్యయ్యేసరికి నీరంతా ఆవిరవుతుంది, మిగిలిన కాస్త ప్రోటీనూ చక్కెరా అడుగున గసిగా మాడి కమ్మని వాసన వదులుతాయి. నేతిలో తేమ అర శాతానికి లోపు, చక్కెర దాదాపు సున్నా. నీరు లేనిచోట సూక్ష్మజీవి పెరగదు కాబట్టి ఫ్రిజ్ లేని కాలంలోనూ నెలల తరబడి నిలిచేది. పాలలో ఏది పాడవుతుందో, ఏది అరగదో, ఆ రెండూ మెట్టుమెట్టుకూ తగ్గిపోయే వరస ఇది.

వంటలోనూ ఇదే రసాయనం మనల్ని నడిపిస్తుంది. బెల్లం పరమాన్నంలో పొయ్యి మీద ఉండగానే బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. బెల్లంలోని ఆమ్లమూ లవణాలూ కేసీన్ ఆవేశాన్ని తగ్గిస్తాయి, వేడిలో ఆ పని ఇంకా తేలిక. అందుకే దించి, కాస్త చల్లారాక బెల్లం కలుపుతారు. మజ్జిగ పులుసులో శనగపిండో బియ్యప్పిండో కలపడం కూడా చిక్కదనం కోసమే అనుకుంటారు గానీ, ఉబ్బిన పిండి రేణువులు ప్రోటీన్ ముక్కలు ఒకచోట చేరి గడ్డలు కట్టకుండా అడ్డుపడతాయి. జున్ను సంగతి వేరే. ఈనిన పశువు మొదటిరోజు ముర్రుపాలలో ప్రోటీన్లు 14 శాతం దాకా ఉంటాయి. వాటిలో పెద్ద వాటా దూడను రోగాల నుంచి కాపాడే ఇమ్యునోగ్లోబ్యులిన్లది. కేసీన్‌లా కాకుండా ఇవి వేడికి గుడ్డు తెల్లసొన మాదిరి గడ్డకడతాయి. అందుకే బెల్లం, మిరియాలు కలిపి ఆవిరికి పెడితే తోడు లేకుండానే జున్ను బిగుస్తుంది. మూడోరోజు పాలతో ఆ బిగువు రాదు, అప్పటికి ఆ ప్రోటీన్లు పడిపోయి ఉంటాయి. తల్లి కడుపులో ఉండగా దూడకు ఈ రక్షణ అందదు. పుట్టిన కొద్ది గంటల్లో ముర్రుపాలు తాగితేనే అందుతుంది. కనుక దూడ కడుపు నిండాకే జున్ను గురించి ఆలోచించాలి. అన్నట్టు, మన పాలవంటకాలన్నీ లాక్టోజ్‌ను తగ్గించేవే అంటే అబద్ధమవుతుంది. పాలకోవాలో నీరు పోయి లాక్టోజ్ నాలుగైదు రెట్లు చిక్కబడుతుంది. అది పండగకు తినే ముక్క, రోజూ తినే గిన్నె కాదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

రోజుకు నాలుగు టీలు తాగినా మాకేమీ కాలేదే అని అడిగేవారున్నారు. ఆ అనుభవం నిజమే. లాక్టేజ్ లేనివారిలో కూడా చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల లాక్టోజ్‌ను పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. ఒక టీలోని పాలలో ఉండేది రెండు మూడు గ్రాములు. బ్రిటన్‌లో లక్షల మంది సమాచారం చూసినప్పుడు జన్యుమార్పు లేనివాళ్లు కూడా మిగతావాళ్లలాగే పాలు వాడుతున్నారనీ, వాళ్ల ఆరోగ్యానికి పెద్ద నష్టం కనబడలేదనీ తేలింది. పాలు విషమని నేననడం లేదు. పడనివారు బలవంతంగా తాగాల్సిన పని లేదంటున్నాను, ఎందుకంటే తోడేస్తే పాలలోని కాల్షియం గానీ ప్రోటీను గానీ ఎక్కడికీ పోదు. నాటు ఆవు పాలైతే ఏ టూ రకం కాబట్టి సుఖంగా అరుగుతాయన్న ప్రచారం ఈమధ్య ఎక్కువైంది, ధర కూడా రెట్టింపు పలుకుతోంది. ఏ వన్, ఏ టూ భేదం బీటా కేసీన్ అనే ప్రోటీన్‌లో 67వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లానిది. పాలచక్కెరతో దానికి సంబంధం లేదు. లాక్టోజ్ పడనివారికి ఏ ఆవు పాలైనా ఒకటే. ఏ వన్ ప్రోటీన్ జబ్బులకు కారణమన్న ఆరోపణను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశీలించి, కార్యకారణ సంబంధం నిరూపణ కాలేదని చెప్పింది. గేదెపాలు కూడా ఏ టూ రకమేనన్న సంగతి ఆ ప్రకటనల్లో కనబడదు.

కాచితే పాలలోని సారం చస్తుందనీ, పచ్చిపాలే మంచివనీ చెప్పేవారి మాట ప్రమాదకరం. పచ్చిపాలతో క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి పశురోగాలు మనిషికి సోకుతాయి. వేడికి కాల్షియం చెక్కుచెదరదు, ప్రోటీన్ల పోషకవిలువ తగ్గదు. కొన్ని విటమిన్లు కొద్దిగా తగ్గుతాయి, అంతే. ప్యాకెట్ పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసే పంపుతారు. దారిలో చల్లదనం చెడకుండా వచ్చి ఉంటే తాగడానికి మళ్లీ కాచే అవసరం ఉండదు. పెరుగుకు మాత్రం కాచాలి, ఆ 15 సెకన్లలో తేట ప్రోటీన్లు పెద్దగా విప్పుకోవు. కొనుక్కునే మజ్జిగ డబ్బాల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. బయట పెట్టినా నెలల తరబడి నిలిచేవాటిని పులిశాక మళ్లీ వేడిచేస్తారు. రుచి మిగులుతుంది, బ్యాక్టీరియా మిగలవు, లాక్టోజ్‌ను విడదీసే సాయమూ మిగలదు. ఇంటి పెరుగుకు అది సాటిరాదు.

ఈ తేడా ఇంటికే పరిమితం కాదు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనం, గుడ్డుతోపాటు 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలని పెట్టారు. అందులో లాక్టోజ్ దాదాపు పది గ్రాములే. భోజనంతో కలిపి తాగితే చాలామందికి ఇబ్బంది ఉండదు కాబట్టి ఆ కొలత మంచిదే. పాలు పడక గ్లాసు పక్కన పెట్టేసే మహిళలకు మాత్రం అవే పాలు తోడేసి పెరుగుగా పెడితే 200 మిల్లీలీటర్లలోని కాల్షియం, ప్రోటీను యథాతథంగా అందుతాయి. దానికి కావలసింది ముందు రాత్రి కాచిన పాలు, మూతున్న గిన్నె, ఒక చెంచాడు తోడు.